డబ్ల్యూ కూడా లెక్కలోకే వస్తుంది

(డాలస్ ప్రాంతంలోని తెలుగు కుటుంబాల కోసం ఒక గ్రంథాలయంలో శనివారం మధ్యాహ్నం చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పెద్దలకూ, వారితో వచ్చిన పిల్లలకూ. పిల్లలు వచ్చినందుకు నాకు మరీ సంతోషంగా ఉంది. ఈరోజు నేను చెప్పబోయేది, కాలేజీ చదువుకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఆగకుండా ఉండాలంటే పాటించాల్సిన నియమం. అది వాళ్ల పేరు మీద నడుస్తుంది. ఫీజు మీరు కట్టినా, ఉత్తరం వాళ్లకే వస్తుంది.

నేను ఈ చుట్టుపక్కలే ఒక రెండేళ్ల కాలేజీలో, ఫైనాన్షియల్ ఎయిడ్, అంటే చదువుకు అందే ఆర్థిక సహాయం చూసే ఆఫీసులో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను. ఏటా డిసెంబరులో ప్రొఫెసర్లు గ్రేడ్లు ఎక్కించడం పూర్తి కాగానే మా కంప్యూటర్ ఎయిడ్ తీసుకునే ప్రతి విద్యార్థి లెక్కనూ తిరగేస్తుంది. లెక్క తప్పిన వాళ్లకు ఉత్తరాలు వెళ్తాయి. అవి వెళ్లేది కాలేజీ ఇచ్చిన ఈమెయిల్‌కు. సెలవుల్లో దాన్ని తెరిచే పిల్లలు తక్కువ. ఇంట్లో సంక్రాంతికి అరిసెల పాకం పడుతుంటారు, పెద్దవాళ్లకు ఏమీ తెలియదు. జనవరిలో ఫీజు గడువు దగ్గర పడుతుంది. ఖాతా తెరిచి చూస్తే, ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే పెల్ గ్రాంటు ఉండాల్సిన చోట సున్నా ఉంటుంది. అప్పుడు మా ఆఫీసు బయట వరుస మొదలవుతుంది. ఆ వరుసలో మన తెలుగు పిల్లలనూ చూశాను. నా ఎదురుగా కూర్చున్నాక వాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒక్కటే: "ఇంట్లో ఎలా చెప్పాలి?"

ఆ ప్రశ్న వల్లే ఈరోజు ఇక్కడికి వచ్చాను.

ముందు పేరు చెబుతాను. ఈ నియమాన్ని శాటిస్ఫాక్టరీ అకడమిక్ ప్రోగ్రెస్ అంటారు. అంటే ఎయిడ్ కొనసాగాలంటే చదువు సంతృప్తికరంగా ముందుకు సాగుతూ ఉండాలని అర్థం. ఆఫీసుల్లో ముద్దుగా శాప్ అంటాం. ఇక్కడ కూర్చున్న వారిలో చాలామందికి శాప్ అంటే జర్మనీ కంపెనీ సాఫ్ట్‌వేరు గుర్తొస్తుందని తెలుసు. ఒక తల్లి మాత్రం ఫోనులో నన్ను, "మా అమ్మాయికి ఏదో శాపం వచ్చిందట, ఏమిటమ్మా అది?" అని అడిగింది. ఆవిడ గొంతులో భయం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇది శాపం కాదు, కూడికలూ భాగహారాలూ ఉన్న ఒక లెక్క. ఐదో తరగతి పిల్లవాడు కూడా వేయగల లెక్క. ముందుగా ఎవరూ వేసి చూపించరు, అంతే.

ఈ డబ్బుకు మన టెక్సాస్‌తో పాత బంధం ఉంది. 1965 నవంబరు 8న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఉన్నత విద్యా చట్టంపై సంతకం పెట్టింది వాషింగ్టన్‌లో కాదు, ఇక్కడికి కొన్ని గంటల దూరంలో ఉన్న శాన్ మార్కోస్‌లో, తాను చదువుకున్న కాలేజీ వ్యాయామశాలలో. ఆయన చిన్నాచితకా పనులు చేస్తూ చదివినవాడు. 1928లో డబ్బు చాలక చదువు మధ్యలో ఆపి, కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ అమెరికన్ పిల్లల బడిలో ఏడాది పాటు పాఠాలు చెప్పాడు. తిరిగి వచ్చి 1930లో పట్టా అందుకున్నాడు. ఈ సంగతి మనసులో ఉంచుకోండి, చివరలో మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

1972లో ఈ చట్టానికే పేద పిల్లల కోసం ఒక గ్రాంటు చేర్చారు. 1980లో దానికి రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరు పెట్టారు. 2025-26 విద్యా సంవత్సరంలో పెల్ గ్రాంటు గరిష్ఠంగా 7,395 డాలర్లు. సగటు రెండేళ్ల కాలేజీలో చదివే పిల్లవాడికి ఇది ఫీజు మొత్తం కట్టి, పుస్తకాలకు కూడా మిగిలే డబ్బు. 1976లో కాంగ్రెస్ దీనికి ఒక షరతు పెట్టింది: సహాయం తీసుకునే విద్యార్థి చదువులో ముందుకు సాగుతూ ఉండాలి. ఇప్పుడు మేము పాటిస్తున్న రూపం 2010 అక్టోబరులో ప్రకటించి 2011 జులై 1 నుంచి అమలు చేసిన నిబంధనలది.

ఇది ఎవరికి వర్తిస్తుంది? ఫాఫ్సా అనే దరఖాస్తు నింపి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ సహాయం పొందేవారికి. అంటే ముఖ్యంగా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవారికి. తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను ఆధారం చేసుకున్న హెచ్-4 మీద ఉన్న పిల్లలకు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవారికి ఫెడరల్ సహాయమే లేదు, కాబట్టి ఈ లెక్క కూడా వాళ్లకు లేదు. ఇక్కడ ఎంఎస్ చదువుతున్న వాళ్లు కొందరు కనిపిస్తున్నారు. మీ టీచింగ్ అసిస్టెంట్ ఉద్యోగాలకు మీ విభాగమే సొంత షరతులు పెడుతుంది. సాధారణంగా 3.0 జీపీఏ, అంటే నాలుగుకు గ్రేడ్ల సగటు, అడుగుతారు. మీ ఆఫర్ ఉత్తరం చివరి పేరాలో ఉంటుంది, ఈ రాత్రే తీసి చదవండి.

గ్రాంటు ఒక్కటే ఆగుతుందని అనుకోకండి. శాప్ తప్పితే పెల్ గ్రాంటు, విద్యార్థి పేరు మీద వచ్చే ఫెడరల్ రుణాలు, క్యాంపస్‌లో వర్క్-స్టడీ ఉద్యోగం అన్నీ ఆగుతాయి. తల్లిదండ్రులు తమ పేరు మీద తీసుకునే ప్లస్ రుణం కూడా ఆగుతుంది. ఇది విన్నప్పుడు తండ్రులు ఉలిక్కిపడతారు. "అప్పు నేను తీరుస్తాను కదా, మా వాడి మార్కులతో దానికేం పని?" అంటారు. పని ఉంది. ఫెడరల్ డబ్బు ఏ రూపంలో వచ్చినా అదే గుమ్మం దాటి రావాలి.

ఇక లెక్క. కొలతలు మూడు.

మొదటిది జీపీఏ. దీని గురించి మీకు చెప్పాల్సింది పెద్దగా లేదు. రెండేళ్లకు మించిన కోర్సులో, రెండో విద్యా సంవత్సరం పూర్తయ్యేసరికి సగటున సీ గ్రేడు, అంటే 2.0, లేదా ఆ కాలేజీలో పట్టా రావడానికి సరిపోయే స్థాయి ఉండాలని నిబంధన. చాలా కాలేజీలు మొదటి సెమిస్టర్ నుంచే 2.0 అడుగుతాయి. మన ఇళ్లలో జీపీఏ అందరికీ తెలుసు, అందరూ అడుగుతారు. అసలు చిక్కు అక్కడే. అందరి చూపూ జీపీఏ మీదే ఉంటుంది, దెబ్బ తగిలేది రెండో కొలత దగ్గర.

రెండో కొలత పేరు పేస్, అంటే నడక వేగం. మొదటి రోజు నుంచి ఇప్పటివరకు ఎన్ని క్రెడిట్లకు, అంటే కోర్సుల బరువును కొలిచే పాయింట్లకు, నమోదయ్యారు, వాటిలో ఎన్ని పూర్తి చేశారు? పూర్తి చేసిన వాటిని నమోదైన వాటితో భాగించాలి. చాలా కాలేజీల్లో 67 శాతం రావాలి. ఈ 67 ఆకాశం నుంచి ఊడిపడలేదు. మూడో కొలత ప్రకారం ఒక పట్టాకు కావాల్సిన క్రెడిట్లకు ఒకటిన్నర రెట్ల లోపు చదువు ముగించాలి. 120 క్రెడిట్ల పట్టా అయితే 180 లోపు. 120ని 180తో భాగిస్తే 66.67 శాతం వస్తుంది. ఆ వేగంతో నడిస్తేనే గడువులోపు గమ్యం చేరతారు.

భాగహారంలో కింద, అంటే నమోదైన వాటిలో, ఏముంటుందో జాగ్రత్తగా వినండి. ఫెయిలై ఎఫ్ వచ్చిన కోర్సు కింద ఉంటుంది, పైన ఉండదు. పూర్తి చేయకుండా ఇన్‌కంప్లీట్‌గా వదిలేసిన కోర్సూ అంతే. మధ్యలో వదులుకున్నందుకు వచ్చే డబ్ల్యూ కూడా అంతే.

"డబ్ల్యూ తీసుకో, జీపీఏ పాడవదు." ఈ మాట ప్రతి క్యాంపస్‌లో, ప్రతి వాట్సాప్ గుంపులో తిరుగుతూ ఉంటుంది. అది నిజమే, సగం నిజం. డబ్ల్యూ వల్ల జీపీఏ తగ్గదు, పేస్ తగ్గుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి లెక్క చెబుతాను, గుర్తుపట్టకుండా కొంచెం మార్చాను. మొదటి సెమిస్టర్‌లో 15 క్రెడిట్లు తీసుకున్నాడు, ఒక కోర్సుకు డబ్ల్యూ, 12 పూర్తి. 80 శాతం, ఇబ్బంది లేదు. రెండో సెమిస్టర్‌లో 16 తీసుకున్నాడు. కెమిస్ట్రీ, దాని లాబ్, కాలిక్యులస్ వదిలేశాడు. 8 క్రెడిట్లు పూర్తి చేశాడు, అన్నింటిలోనూ ఏ గ్రేడే. జీపీఏ 3.7. ఇంట్లో అందరికీ 3.7 అని చెప్పాడు. అబద్ధం కాదు. మొత్తం లెక్క మాత్రం 31లో 20, అంటే 64.5 శాతం. ఉత్తరం వచ్చింది. ఆ పిల్లవాడు నా ముందు కూర్చుని తన మార్కుల కాగితం చూపించి, "ఇందులో తప్పెక్కడుంది?" అని అడిగాడు. వేగం గురించి అతనికి అప్పటివరకు ఒక్కరూ చెప్పలేదు. మా కాలేజీ వెబ్‌సైటులో ఉంది. ఎన్నో పేజీలు దాటాక ఉంది. దాన్ని చెప్పడం అని నేను అనుకోను.

పెద్దవాళ్లు ఇక్కడ ఇంకొక చోట పొరబడతారు. మనం చదువుకున్న రోజుల్లో ఒక సబ్జెక్టు పోతే సప్లిమెంటరీ కట్టేవాళ్లం. రాసి గట్టెక్కితే బ్యాక్‌లాగ్ తీరిపోయేది, ఆ కథ అక్కడితో ముగిసేది. హాజరు 75 శాతం లేకపోతే కండొనేషన్ రుసుము కట్టడం, డిటెన్షన్ అవుతామేమోనని భయపడటం, అవి మనకు తెలిసిన కష్టాలు. ఆ అనుభవంతోనే పిల్లలకు, "పోతే పోనీ, మళ్లీ తీసుకుని పాసవ్వు" అని ధైర్యం చెబుతాం. ఇక్కడ మళ్లీ తీసుకుంటే జీపీఏలో కొత్త గ్రేడు పాతదాని స్థానంలోకి రావచ్చు. పేస్‌లో మాత్రం పాత ప్రయత్నం కిందనే ఉండిపోతుంది, కొత్త ప్రయత్నం దానికి తోడవుతుంది. మూడు క్రెడిట్ల కోర్సు రెండోసారి పాసైతే లెక్క ఆరులో మూడు. మరొకటి: ఎఫ్ వచ్చిన కోర్సును ఫెడరల్ డబ్బుతో మళ్లీ తీసుకోవచ్చు. పాసైన కోర్సును గ్రేడు పెంచుకోవడానికి మళ్లీ తీసుకుంటే ఒక్కసారి మాత్రమే ఆ డబ్బు వర్తిస్తుంది.

గుంత లోతైతే పూడ్చడం ఎంత కష్టమో కూడా చూడండి. 45 క్రెడిట్లకు నమోదై 18 మాత్రమే పూర్తి చేసిన విద్యార్థి ఉందనుకుందాం. 40 శాతం. ఇక మీదట ఒక్కటి కూడా వదలకుండా, తప్పకుండా చదివితే ఎన్ని క్రెడిట్ల తర్వాత 66.67కు చేరుతుంది? 36. అప్పుడు 81లో 54. సెమిస్టర్‌కు 12 చొప్పున మూడు సెమిస్టర్లు. అదే 64.5 దగ్గర ఆగిన అబ్బాయి 12 క్రెడిట్లు పూర్తి చేయగానే 43లో 32, 74 శాతానికి వచ్చేశాడు. అందుకే నేను పిల్లలందరినీ ఒకటే కోరుతున్నాను. కోర్సు వదలాలనిపించిన రోజున, బటన్ నొక్కే ముందు, మా లాంటి ఆఫీసుకు ఒక్కసారి రండి. వదలవద్దని చెప్పడానికి కాదు. కొన్నిసార్లు వదలడమే సరైనది. ఎప్పుడు, దేన్ని వదిలితే ఎంత ఖర్చవుతుందో తెలుసుకుని వదలండి.

"ఎప్పుడు" అన్నదానికి టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో ఒక గీత ఉంది. ఆగస్టులో మొదలయ్యే ఫాల్, జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్ సెమిస్టర్లలో పన్నెండో తరగతి రోజు. వేసవిలో నాలుగో రోజు. దాన్ని సెన్సస్ రోజు అంటారు. ఆ రోజులోపు వదిలితే ఆ కోర్సు మార్కుల రికార్డైన ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు, లెక్కలోకి రాదు. మర్నాడు వదిలితే డబ్ల్యూ. ఒక్క రోజు తేడా. ఫోను క్యాలెండర్‌లో ఆ తేదీని ఇప్పుడే ఎక్కించండి, నేను ఆగుతాను.

మన రాష్ట్రంలో మరో పరిమితి కూడా ఉంది. 2007 ఫాల్ నుంచి ప్రభుత్వ కాలేజీల్లో మొదటిసారి చేరిన వారు డిగ్రీ చదువు మొత్తం మీద ఆరు కోర్సులకు మించి వదలకూడదు. ఏడోదాన్ని వదలనివ్వరు, వచ్చిన గ్రేడు మోయాల్సిందే. తీవ్రమైన అనారోగ్యం, కుటుంబంలో మరణం వంటి కారణాలుంటే ఆ కోర్సును ఆరులో లెక్కించరు, కానీ ఆ కారణం చెప్పి, కాగితం ఇవ్వాలి.

అన్ని కోర్సులనూ ఒకేసారి మానేసేవాళ్లకు శాప్‌తో పాటు మరో దెబ్బ తగులుతుంది. సెమిస్టర్‌లో 60 శాతం రోజులు గడవకముందే పూర్తిగా మానేస్తే, హాజరైన రోజుల లెక్కకు మించిన, అంటే "సంపాదించని" ఎయిడ్‌ను వెనక్కి ఇవ్వాలి. కాలేజీ తన వాటా తిప్పి పంపి, ఆ మొత్తాన్ని విద్యార్థి బాకీగా రాస్తుంది. బాకీ తీరేదాకా మళ్లీ నమోదు కానివ్వని కాలేజీలున్నాయి. అందువల్ల అక్టోబరు మొదట్లో మానేయడానికీ నవంబరు మొదట్లో మానేయడానికీ వేల డాలర్ల తేడా ఉండవచ్చు.

మూడో కొలత, ఒకటిన్నర రెట్ల పరిమితి. ఈ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో పిల్లలకు ఇది ప్రత్యేకంగా తగులుతుంది, ఎందుకంటే మన పిల్లలు హైస్కూల్లోనే, కాలేజీ క్రెడిట్ కూడా వచ్చే డ్యూయల్ క్రెడిట్ కోర్సులు పోటీ పడి తీసుకుంటారు. నలభై క్రెడిట్లతో కాలేజీలో అడుగు పెట్టేవాళ్లున్నారు. అది మంచిదే. కాలేజీ వాటిని స్వీకరించిందంటే అవి పైనా కిందా రెండు చోట్లా చేరతాయి, పేస్‌కు మేలు చేస్తాయి. కానీ 180 లోంచి నలభై అప్పుడే ఖర్చయిపోయినట్టు. ఇక ఆ పిల్ల మొదట ప్రీ-మెడ్ అని బయాలజీ తీసుకుని, రెండేళ్ల తర్వాత కంప్యూటర్ సైన్సుకు, అక్కడి నుంచి ఫైనాన్సుకు మారిందనుకోండి. పాత కోర్సులు కొత్త పట్టాకు పనికిరాకపోవచ్చు, లెక్కలో మాత్రం ఉంటాయి. కొన్ని కాలేజీలు మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, మారినప్పుడు కొత్త పట్టాకు పనికొచ్చే కోర్సులనే లెక్కిస్తాయి, కొన్ని లెక్కించవు. మారే ముందు అడగాలి. 180 దాటాకే ఎయిడ్ ఆగుతుందని కూడా అనుకోవద్దు. మిగిలిన క్రెడిట్లు కలిపితే 180లోపు పట్టా రావడం అసాధ్యమని లెక్కలో తేలిన రోజునే ఆగుతుంది. రెండేళ్ల పట్టాకైతే 60 క్రెడిట్లకు 90 పరిమితి, ఇంకా ఇరుకు. పెల్ గ్రాంటుకు దానికదే విడిగా జీవితకాలపు హద్దు ఉంది, పన్నెండు పూర్తికాల సెమిస్టర్లు.

మేజర్ మార్పుల గురించి ఒక మాట, ఇది ఆఫీసు మనిషిగా కాక మీలో ఒకరిగా చెబుతున్నాను. పద్నాలుగేళ్లలో నేను చూసిన మేజర్ మార్పుల్లో కొన్ని పిల్లల మనసు మారి జరిగినవి. మరికొన్ని, మొదటి ఎంపిక వాళ్లది కాకపోవడం వల్ల జరిగినవి. రెండో రకానికి అయిన ఖర్చు ఏ ఫారంలోనూ కనిపించదు.

రాష్ట్రాల గ్రాంట్లకు వేరే కొలతలుంటాయి. టెక్సాస్ గ్రాంటుకు మొదటి ఏడాది మీ కాలేజీ శాప్ చాలు. తర్వాత నుంచి 2.5 జీపీఏ, నమోదైన వాటిలో 75 శాతం పూర్తి, ఏడాదికి 24 క్రెడిట్లు కావాలి. జార్జియాలో బంధువులుంటే వాళ్లకు చెప్పండి: అక్కడి హోప్ స్కాలర్‌షిప్‌కు 30, 60, 90 క్రెడిట్ల దగ్గర ఆగి చూస్తారు, 3.0 ఉండాలి. ఫెడరల్ లెక్క సరిపోయి రాష్ట్ర లెక్క తప్పడం మామూలే.

ఇప్పుడు ఉత్తరం వచ్చిందనుకుందాం. ముందు అది ఏ ఉత్తరమో చూడాలి. ప్రతి సెమిస్టర్ లెక్క చూసే కాలేజీలు మొదటిసారి తప్పితే హెచ్చరిక ఇవ్వవచ్చు. హెచ్చరిక వస్తే తర్వాతి సెమిస్టర్‌కు డబ్బు వస్తుంది, అప్పీలు అక్కర్లేదు, ఆ సెమిస్టర్ చివరికి లెక్క సరిచేసుకోవాలి. ఏడాదికి ఒక్కసారే చూసే కాలేజీల్లో ఈ హెచ్చరిక మెట్టు లేదు, నేరుగా ఎయిడ్ ఆగిపోతుంది. మార్కులు తగ్గినందుకు డీన్ ఆఫీసు పంపే అకడమిక్ ప్రొబేషన్ ఉత్తరం వేరే సంగతి. ఒకటి రాలేదని రెండోది రాదనుకోకూడదు.

ఎయిడ్ ఆగిపోతే అప్పీలు ఉంది. కాలేజీ అప్పీళ్లు తీసుకునేదైతే, కారణాలు నిబంధనల్లోనే రాసి ఉన్నాయి: బంధువు మరణం, విద్యార్థికి గాయం లేదా అనారోగ్యం, ఇతర ప్రత్యేక పరిస్థితులు. చదివేవాళ్లకు రెండు సంగతులు కావాలి. ఎందుకు తప్పింది? ఇప్పుడు ఏమి మారింది? పిల్లలు మొదటిదానికి రెండు పేజీలు రాస్తారు, రెండోదానికి "ఇకపై కష్టపడతాను" అని ఒక వాక్యం రాస్తారు. ఆ వాక్యంతో ఎవరినీ ఒప్పించలేరు. "రాత్రి షిఫ్టు మానేసి పగటి షిఫ్టుకు మారాను, ఇదిగో మేనేజర్ ఉత్తరం" అంటే ఒప్పుకుంటారు. "ట్యూటరింగ్ సెంటర్‌లో మంగళ, గురువారాలు నమోదు చేసుకున్నాను" అంటే నమ్ముతారు.

బంధువు మరణం అన్నచోట మనవాళ్లు ఊరికే జంకుతారు. అక్టోబరులో అమ్మమ్మ పోయింది. అబ్బాయి తల్లితో కలిసి గుంటూరు వెళ్లాడు. పెద్దకర్మ అయ్యేదాకా ఉన్నాడు, ప్రయాణం కలుపుకుని మూడు వారాలు. మిడ్‌టర్మ్‌లు పోయాయి. "అమ్మమ్మను వీళ్లు లెక్కలోకి తీసుకుంటారా?" అని అడిగాడు. నిబంధనలో ఉన్న మాట బంధువు. అమ్మమ్మ బంధువు. మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం జత చేయమన్నాను. అది తెలుగులోనే ఉంటే ఇంగ్లీషు అనువాదం కూడా. విమాన టికెట్లు జత చేయమన్నాను. పెద్దకర్మ అంటే ఏమిటో, కుటుంబంలో మనవడు ఎందుకు ఉండాలో నాలుగు వాక్యాల్లో రాయమన్నాను, ఎందుకంటే కమిటీలో కూర్చున్నవాళ్లకు మూడు రోజుల్లో ముగిసే అంత్యక్రియలే తెలుసు. అప్పీలు అంగీకరించారు.

ఇంకొక అమ్మాయి అప్పీలు మూడు వాక్యాలు. "కుటుంబ కారణాల వల్ల" అని రాసింది. తిరస్కరించాల్సిన అప్పీలు అది. ఎందుకో చేయి ఆగి ఫోను చేశాను. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి చెప్పింది: తల్లికి క్యాన్సర్, కీమో జరుగుతోంది, ఊళ్లో ఎవరికీ తెలియకూడదని ఇంట్లో అనుకున్నారు. నేను తెలుగు మనిషిని కాబట్టి నాకు అసలే తెలియకూడదు. వారానికి మూడు రోజులు ఆ పిల్లే ఆసుపత్రికి కారు నడిపింది, తమ్ముడికి వంట చేసింది, మిగిలిన గంటల్లో చదివింది. ఐదు కోర్సుల్లో రెండు పూర్తి చేసింది. నేనైతే ఆ రెండూ పూర్తి చేయడమే గొప్ప అంటాను. అప్పీలులో రాసింది ఆ ఫైలు దాటి వెళ్లదు, విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం వచ్చిన 1974 నాటి ఫెర్పా చట్టం దాన్ని కాపాడుతుంది. ఇది నేను ఆ రోజు చెప్పాను, మీకూ చెబుతున్నాను. తెలుగు వ్యక్తి చదవడం ఇష్టం లేకపోతే వేరే వారు చదవాలని అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. దిగులు, నిద్రలేమి, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం, ఇవన్నీ అనారోగ్యం అన్న మాటలోకే వస్తాయి. వాటిని "వ్యక్తిగత సమస్యలు" అని దాచి రాయడం వల్ల నిజమైన కారణమున్న పిల్లలు కారణం లేనివాళ్లలా కనిపిస్తున్నారు.

అప్పీలు అంగీకరిస్తే ఒక సెమిస్టర్‌కు ప్రొబేషన్ మీద డబ్బు వస్తుంది. ఒక్క సెమిస్టర్‌లో లెక్క సరికాదని తెలిస్తే, సెమిస్టర్ల వారీగా ఏం చేయాలో ఒక ప్లాన్ రాసిస్తారు. ప్లాన్ తప్పకుండా నడిచినంతకాలం ఎయిడ్ సాగుతుంది. తిరస్కరిస్తే వాషింగ్టన్‌కు ఫిర్యాదు చేసి మార్పించుకునే దారి లేదు, కాలేజీ మాటే చివరిది. అందుకే మొదటి ఉత్తరమే గట్టిగా రాయాలి.

అదే ఫెర్పా వల్ల, తల్లిదండ్రులారా, కాలేజీ మీకు ఫోను చేయదు. మీ అబ్బాయి గ్రేడ్లు అడిగితే, అతని అనుమతి లేకుండా నేను చెప్పలేను. హైస్కూల్ యాప్‌లో రోజూ చూసుకున్నట్టు ఇక్కడ చూసుకోలేరు. ఇంట్లో మాట ఒక్కటే దారి. "జీపీఏ ఎంత?" అని కాకుండా "ఈ సెమిస్టర్‌లో ఏదైనా వదలాలనిపిస్తోందా?" అని అడిగి చూడండి. ఆ ప్రశ్నకు సమాధానం చెబితే తిట్టు పడదని పిల్లకు ముందే తెలిసి ఉండాలి.

జాన్సన్ దగ్గరికి వస్తానన్నాను. ఒక ఏడాది చదువు ఆపిన పేద విద్యార్థి సంతకంతో వచ్చిన చట్టం ఇది. నేను ఈ నియమాన్ని తీసేయమనను. ప్రజల డబ్బుకు లెక్క ఉండాలి. అయితే ఇది ఎవరి మీద పడుతుందో రోజూ చూస్తున్నాను. డబ్బున్న ఇంటి పిల్ల మూడు కోర్సులు వదిలితే ఆమెను ఎవరూ ఏమీ అడగరు. రాత్రంతా గోదాములో పెట్టెలు మోసి వచ్చే పిల్లవాడు వదిలితే అతని చదువే ఆగుతుంది. చట్టం కాలేజీలకు చాలా స్వేచ్ఛ ఇచ్చింది: హెచ్చరిక ఇవ్వవచ్చు, అప్పీళ్లు తీసుకోవచ్చు, ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. ఆ స్వేచ్ఛను వాడుకోని కాలేజీల మీద నాకు కోపం ఉంది. 2020 మార్చిలో కోవిడ్ సహాయ చట్టం, ఆ మహమ్మారి వల్ల పూర్తి చేయలేకపోయిన క్రెడిట్లను పేస్ లెక్కలోంచి తీసేయడానికి కాలేజీలకు వీలు కల్పించింది. లోకమంతటికీ ఒకేసారి కష్టం వస్తే లెక్క వంగింది. ఒక్క ఇంటికి కష్టం వచ్చినప్పుడు కూడా అంతే సులభంగా వంగాలని నా కోరిక. ప్రతి కాలేజీలో మొదటి వారమే ఈ భాగహారాన్ని బల్ల మీద వేసి చూపించాలని నేను మా కాలేజీలో అడుగుతూనే ఉన్నాను, ఇంకా అడుగుతాను.

ఒక ప్రశ్న వచ్చింది, చీటీ మీద రాసి పంపారు. చదువుతాను. "మా అబ్బాయి రెండేళ్ల కిందట మధ్యలో మానేశాడు. ఇప్పుడు మళ్లీ చేరతానంటున్నాడు. ఇంత కాలం గడిచింది కదా, పాత లెక్క పోతుందా?"

పోదండీ. ఎన్నేళ్లు ఆగినా, ఆ సెమిస్టర్లలో ఎయిడ్ తీసుకోకపోయినా, పాత క్రెడిట్లు లెక్కలో ఉంటాయి. దారులు రెండు. ఒకటి, ఆనాడు ఏం జరిగిందో, ఈ రెండేళ్లలో ఏం మారిందో చెబుతూ అప్పీలు. రెండేళ్లు ఉద్యోగం చేసి ఉంటే అది మంచి ఆధారం. రెండోది, అప్పీలు కుదరకపోతే సొంత డబ్బుతో కొన్ని కోర్సులు పూర్తి చేసి 67 దాటడం. దాటిన తర్వాత ఎయిడ్ మళ్లీ మొదలవుతుంది. పాత కాలేజీకి బాకీ ఉందేమో ముందు కనుక్కోవాలి. ఆ ఫోను మీరు చేయకండి, అతనే చేయాలి. సోమవారం ఉదయం చేయమనండి, మధ్యాహ్నానికి వరుస పెరుగుతుంది.

ఆ అబ్బాయి ఈ గదిలో ఉంటే ఇప్పుడు చెయ్యి ఎత్తనక్కర్లేదు. నేను ఐదింటి దాకా ఆ మూల బల్ల దగ్గర ఉంటాను. కాగితం, పెన్సిలు తెచ్చాను. ఫోనులో ట్రాన్‌స్క్రిప్ట్ తెరిస్తే చాలు, లెక్క ఇద్దరం కలిసి వేద్దాం.